‘ఏదో ఇన్‌ఫెక్షన్’ అంటే ఏది?

ఈ టపా చాలాకాలంగా డ్రాఫ్టుల్లో మూలుగుతోంది. రాయడం, చెరిపెయ్యడం, "మనకెందుకొచ్చిన గొడవ" అనుకుని మళ్ళీ ఏ జావా గురించో, ఏ పెసరట్టు గురించో రాసుకోవడం. మొన్న రాత్రి మలక్‌పేటలో మా వీధి చివరి మెడికల్ షాపు దగ్గర చూసింది చూశాక ఇక ఆగబుద్ధి కాలేదు. సున్నిత మనస్కులు ఇక్కడే ఆగిపోవచ్చు. నిజానికి రాస్తున్నది వాళ్ళ కోసమే అనుకోండి, అది వేరే సంగతి.

అమ్మకి బీపీ మాత్రలు కొందామని వెళ్ళాను. నా ముందు ఓ కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. మెడలో కంపెనీ ట్యాగు, కార్డు మాత్రం చొక్కా జేబులోకి దోపేశాడు. రాయదుర్గంలో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మలక్‌పేటలో దిగి సరాసరి ఇక్కడికే వచ్చినట్టున్నాడు, నాలాగే. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళేదాకా ఫోన్లో ఏదో చదువుతున్నట్టు నటించాడు. తర్వాత కౌంటర్ మీదకి వంగి ఏదో గొణిగాడు. షాపాయన ఒక్కటే ప్రశ్న అడిగాడు: "మంటనా తమ్మీ, చీము కూడా వస్తుందా?" కుర్రాడు తలూపాడు, దేనికి ఊపాడో నాకైతే అర్థం కాలేదు. అజిత్రోమైసిన్ కొన్ని, సెఫిక్సిమ్ కొన్ని కత్తిరించి కాగితం కవర్లో పడేశాడు. మొత్తం రెండు నిమిషాలు. చీటీ లేదు, బిల్లు లేదు. "తగ్గకపోతే మళ్ళా రా, స్ట్రాంగ్ డోసు ఇస్తా."

సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా ఎలాగూ అమ్మకూడదు. పైగా 2014 మార్చి నుంచి రోగి పేరు, డాక్టరు పేరు విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. ఆ రాత్రి ఆ రిజిస్టరులో ఏ డాక్టరు పేరు పడిందో ఆ పెరుమాళ్ళకే ఎరుక.

ఆ కుర్రాణ్ణి నేనేమీ అనదల్చుకోలేదు. ఆమాటకొస్తే షాపాయన చేసిన పనే ఒకప్పుడు నేనూ చేశాను, అదీ ఉచితంగా.

2012. ఇంజినీరింగ్ రోజుల నుంచీ కలిసి తిరిగిన స్నేహితుడు (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, వాడికి చెప్పే రాస్తున్నాను). ఆరు నెలలు ఆన్‌సైట్‌లో ఉండి వచ్చాడు. వచ్చిన పది రోజులకి ఫోన్ చేసి "ఒరేయ్, ఒంటికెళ్తుంటే మంటరా" అన్నాడు. అసలు విషయం చెప్పడానికి వాడికి ఇరవై నిమిషాలు పట్టింది. నెట్టులో వెతకడానికి నాకు పది నిమిషాలు. క్లామిడియా అయ్యుంటుందని తేల్చేశాను. ఒక గ్రాము అజిత్రోమైసిన్ ఒకేసారి వేసుకోవాలని అప్పటి గైడ్‌లైన్సులో ఉంది, అదే చెప్పాను. వాడు మింగాడు. మంట తగ్గింది. టికెట్ క్లోజ్డ్.

అదే పేజీలో, మందు పేరుకి కాస్త కింద, భాగస్వామికి కూడా చికిత్స చెయ్యాలనీ, ఇద్దరిదీ పూర్తయ్యేదాకా కలవకూడదనీ ఉంది. చదివాను. వాడికి చెప్పలేదు. వాళ్ళావిడ చేతి వంట తిన్నవాణ్ణి, ఆవిడ ప్రస్తావన ఎలా తేవాలో తెలియలేదు. వాడే చదువుకుంటాడులే అనుకున్నాను. తర్వాతి రెండేళ్ళలో ఆవిడ పొత్తికడుపులో నొప్పి అని నాలుగైదుసార్లు డాక్టర్ల చుట్టూ తిరిగింది. ప్రతిసారీ "ఏదో ఇన్‌ఫెక్షన్" అట. ప్రతిసారీ ఓ కోర్సు. 2014లో ట్యూబులో గర్భం నిలిచి, అది పగిలి, అర్ధరాత్రి ఆపరేషన్. ఒక ట్యూబు తీసేశారు. రక్తం ఇవ్వడానికి పరిగెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

దానికీ దీనికీ సంబంధం ఉందనడానికి నా దగ్గర రుజువేదీ లేదు. ట్యూబులు పాడవడానికి మన దేశంలో టీబీతో సహా వేరే కారణాలూ ఉన్నాయి. లేదనడానికీ రుజువు లేదు, ఎందుకంటే ఆ రెండేళ్ళలో ఆవిడకి ఆ పరీక్ష ఎవరూ చెయ్యలేదు. ఆవిడకి ఇప్పుడు విషయం తెలుసు. ఎలా తెలిసింది, తెలిశాక ఏమైంది అన్నది వాళ్ళిద్దరి సంగతి, ఇక్కడ రాయను.

సరే, అసలు ఈ క్లామిడియా ఏంటి? బాక్టీరియా. వైరస్ కాదు, సరైన మందు సరిగ్గా వేసుకుంటే పూర్తిగా పోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక రాత్రంతా ఎయిడ్స్ గురించి చదువుకుంటూ కూర్చునేవాళ్ళు ఎంతమందో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో ఏడాదికి 12.9 కోట్ల కొత్త కేసులు. గనేరియా 8.2 కోట్లు, సిఫిలిస్ 71 లక్షలు. ఇదే బాక్టీరియాలో ఇంకో రకం కంటికి పట్టి ట్రకోమా తెస్తుంది. ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో ఇదే సంస్థ మన దేశానికి గుర్తింపు ఇచ్చింది. కంటి జబ్బు కాబట్టి ఊరూరా మైకు పెట్టి చెప్పుకోగలిగాం మరి.

ఈ క్రిమి మన కణాల లోపలికి దూరి అక్కడే పెరుగుతుంది, బయటికి చప్పుడు చెయ్యదు. సోకిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి, మగవాళ్ళలో సుమారు సగం మందికి ఏ లక్షణమూ ఉండదు. మందు పడకపోతే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన కూడా ఉండిపోతుంది. ఆడవాళ్ళలో అది మెల్లగా గర్భాశయం మీదుగా ట్యూబుల్లోకి పాకి, వాపు తెచ్చి, మచ్చలు మిగిల్చిపోవచ్చు. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే లాగ్‌లో ఎర్రర్ లేదు, మెమరీ మాత్రం లీకవుతోంది. "నాకేమీ లేదు, నేను బానే ఉన్నా" అనేవాడి మాటకీ, "నా మెషీన్లో పనిచేస్తోందిగా" అనేవాడి మాటకీ ఒకటే విలువ.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, చాలా కాపురాలకి పనికొచ్చేది. పాజిటివ్ వచ్చిందంటే నిన్నగాక మొన్న ఎవరో ఎవరినో మోసం చేశారని కాదు. పెళ్ళికి ముందుది కావచ్చు, ఎప్పటిదో కావచ్చు. రిపోర్టు మీద ఉండే తేదీ పరీక్షది, ఇన్‌ఫెక్షన్‌ది కాదు. కాబట్టి గిన్నెలు విసురుకునే ముందు ఇద్దరూ మాత్రలు వేసుకోండి బాబూ.

మన భాష కూడా తక్కువ తిన్లేదు. "సుఖవ్యాధి" అట! పేరులోనే తీర్పు ఉంది: సుఖపడ్డావుగా, అనుభవించు. భర్త నుంచి జబ్బు తెచ్చుకున్న ఇల్లాలు ఏ సుఖం పడిందని దానికి ఆ పేరు? పాతవాళ్ళు నయం, గనేరియాని సెగ అన్నారు, సిఫిలిస్‌ని సవాయి అన్నారు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు తన వైద్యగ్రంథంలో సిఫిలిస్‌ని ఫిరంగ రోగం అన్నాడు, అంటే పరంగివాళ్ళ రోగం. ఇటలీవాళ్ళేమో దాన్ని ఫ్రెంచి జబ్బు అన్నారు, ఫ్రెంచివాళ్ళు నేపుల్స్ జబ్బు అన్నారు. జబ్బు ఎప్పుడూ పక్కవాడిదే. క్లామిడియాకైతే తెలుగులో పేరే లేదు. అందుకే "ఏదో ఇన్‌ఫెక్షన్". పేరు లేనిదాన్ని ఏమని పరీక్ష చేయించుకుంటారు? ఇక గోడల మీద "గుప్తరోగములకు శాశ్వత పరిష్కారం" అని రాసేవాళ్ళకి పండగే పండగ.

ఇప్పుడు పరీక్ష. చదువుకున్నవాళ్ళు కూడా బోల్తా పడేది ఇక్కడే. మంట అనగానే చేయించే సీయూఈ, అదే మామూలు యూరిన్ పరీక్ష, అందులో ఇది దొరకదు. యూరిన్ కల్చర్లోనూ దొరకదు, కణాల లోపల బతికే క్రిమి ఆ ప్లేటు మీద పెరగదు కాబట్టి. "అన్నీ నార్మలే" అని రిపోర్టు చూసి హాయిగా ఇంటికెళ్ళిపోతారు. కొన్ని ల్యాబుల జాబితాలో క్లామిడియా ఐజీజీ, ఐజీఎం అని రక్తపరీక్ష కూడా ఉంటుంది. దానికి డబ్బులు తగలెయ్యకండి. ఇప్పుడు అక్కడ జబ్బు ఉందో లేదో అది చెప్పలేదు.

కావాల్సింది న్యాట్. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్‌కి సొంత చుట్టం. మగవాళ్ళయితే యూరిన్ చాలు. మామూలు పరీక్షకి మధ్యధార పట్టమంటారు కదా, దీనికి సరిగ్గా రివర్సు, మొట్టమొదటి ధారే పట్టాలి. ఆడవాళ్ళకి స్వాబ్, అదీ తమంతట తామే బాత్రూములో తీసుకుని ఇవ్వొచ్చు. గనేరియా కూడా అదే శాంపుల్లో చూస్తారు. గొంతులోనో, మలద్వారంలోనో సోకే అవకాశం ఉంటే అక్కడి శాంపుల్ విడిగా ఇవ్వాలి, డాక్టరుకి ఆ మాట చెప్పాలి. అనుమానం వచ్చిన మర్నాడే పరిగెత్తితే లాభం లేదు, రెండు వారాలు ఆగితే ఫలితం నమ్మదగ్గది. పనిలో పనిగా సిఫిలిస్‌కీ, హెచ్‌ఐవీకీ రక్తం ఇచ్చెయ్యండి.

మందు సంగతి. 2012లో నేను ఘనంగా చెప్పిన ఒక గ్రాము అజిత్రోమైసిన్ ఇప్పుడు రెండో వరసలోకి పోయింది. అమెరికా సీడీసీ 2021లో గైడ్‌లైన్సు మార్చింది: డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. గర్భిణులకి మాత్రం డాక్సీ ఇవ్వరు, వాళ్ళకి అజిత్రోమైసినే. నెట్టులో చదివి వైద్యం చేసే నాలాంటివాళ్ళకి ఎవరూ రిలీజ్ నోట్స్ పంపరు, డాక్టరు దగ్గరికి వెళ్ళండనేది అందుకే. అన్నట్టు డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ నుంచి వచ్చింది. దాన్ని కనుక్కున్నది డుగ్గర్, అక్కడ పరిశోధనకి పెద్దదిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాడి ఘనత అని ఫార్వర్డులు తెగ పంపుకుంటాం గానీ, ఆ కుటుంబంలోని మాత్రలు పద్నాలుగు తెచ్చుకోవడానికి మాత్రం మొహం చెల్లదు.

కుర్రాడికి ఉన్నది గనేరియా అయితే కథ ఇంకోటి. దానికి ఇప్పుడు అక్కడ మొదట చెప్పేది సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షను. ఒకప్పుడు సిప్రోఫ్లాక్ససిన్ మాత్రతో పోయేది. క్రిమి దానికి మొండికెయ్యడంతో 2007లో సీడీసీ ఆ మందు వద్దనేసింది. సరిగ్గా అదే ఏడాది స్వీడన్ పరిశోధకులు మన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేసి వదిలే నీళ్ళల్లో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందని ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! ఫ్యాక్టరీల్ని తిడతాం, బాగానే ఉంది. చీటీ లేకుండా సగం కోర్సు కొనే మనం మాత్రం ఏం చేస్తున్నాం, వీధి స్థాయిలో అదే కదా?

నిజం చెప్పాలంటే షాపాయన ఇచ్చిన జత గాల్లోంచి ఊడిపడలేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2007 గైడ్‌లైన్సులో సుఖవ్యాధులకి రంగుల కిట్లు పెట్టింది. మూత్రనాళం నుంచి చీము వచ్చేవాళ్ళకి మొదటి కిట్, బూడిదరంగు పెట్టె: ఒక గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్. ల్యాబులు లేనిచోట లక్షణాన్ని బట్టి అక్కడికక్కడే మందిచ్చే పద్ధతి. దాంతో కొన్ని లక్షల మంది బాగుపడి ఉంటారు, కాదనను. కానీ ఆ కిట్‌తో పాటు కౌన్సెలింగ్ ఉంది, భాగస్వామికీ మందివ్వడం ఉంది, వారం తర్వాత మళ్ళీ రమ్మనడం ఉంది. షాపాయన అందులోంచి మాత్రలు మాత్రమే కాపీ పేస్టు చేశాడు. 2012లో నేనూ అంతే.

భాగస్వామిని వదిలేస్తే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. రెండు సర్వర్లు ఒకదాంతో ఒకటి సింక్ అవుతున్నప్పుడు ఒకదాన్నే శుభ్రం చేసి చేతులు దులుపుకుంటే, రాత్రికి రెండోదాన్నుంచి చెత్తంతా వెనక్కొస్తుంది. గడిచిన 60 రోజుల్లో కలిసిన వాళ్ళందరికీ చెప్పాలి. ఏడు రోజుల కోర్సు ఇద్దరిదీ అయ్యేదాకా దూరంగా ఉండాలి. మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి, తిరిగి అంటుకోవడం మామూలే కాబట్టి. నాలుగు వారాల్లోపు చేయిస్తే చచ్చిన క్రిమి ముక్కల్ని చూసి కూడా పాజిటివ్ అంటుంది, కంగారు పడకండి.

కిట్ పద్ధతికి ఇంకో పెద్ద చిల్లు ఉంది. లక్షణం ఉన్నవాళ్ళకే కిట్. లక్షణం లేని ఆ ఎక్కువమంది ఆడవాళ్ళని ఏ పెట్టె పట్టుకుంటుంది? ఆ చిల్లు పూడ్చాల్సింది మనలాంటి జీతగాళ్ళకి అమ్మే పరీక్షల ప్యాకేజీలు. ఏటా కంపెనీ డబ్బుతో "మాస్టర్ హెల్త్ చెకప్" చేయించుకుంటాం. విటమిన్ డి ఉంటుంది, థైరాయిడ్ ఉంటుంది, ట్రెడ్‌మిల్లు మీద పరిగెత్తిస్తారు. నేనిప్పటిదాకా చేసిన మూడు కంపెనీల్లో ఏ ప్యాకేజీలోనూ క్లామిడియా న్యాట్ చూళ్ళేదు, కనీసం కావాలంటే టిక్ పెట్టుకునే గడి కూడా లేదు. పెట్టినా రిపోర్టు హెచ్‌ఆర్ కంట పడుతుందన్న భయం ఉంటే ఎవడూ టిక్ పెట్టడు. రిపోర్టు ఉద్యోగికి తప్ప ఎవరికీ వెళ్ళకూడదు, షుగరు రిపోర్టయినా సరే.

విచిత్రమేంటంటే గ్రీన్‌కార్డు మెడికల్‌కి ఇదే మనవాళ్ళు కిక్కురుమనకుండా సిఫిలిస్‌కి రక్తం ఇస్తారు, చిన్న వయసువాళ్ళయితే గనేరియాకి యూరిన్ కూడా. అప్పుడు సంస్కృతి అడ్డురాదు. అంకుల్ శామ్ అడిగితే చీటీ మీద సంతకం, కట్టుకున్నది అడిగితే "నా మీద నమ్మకం లేదా?"

ఆడపిల్లల పరిస్థితి ఇంకా ఘోరం. పొత్తికడుపులో నొప్పి అని వెళ్తే మొదటి ప్రశ్న "మ్యారీడా?" కాదంటే ఆ దారి అక్కడితో మూసేస్తారు. అడగాల్సింది తాళి గురించి కాదు కదా. అమెరికాలో 25 ఏళ్ళలోపు, లైంగిక జీవితం మొదలుపెట్టిన ఆడవాళ్ళందరికీ ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించమని సలహా ఇస్తారు, లక్షణాలుండనక్కర్లేదు. ఇక్కడ పాతికేళ్ళ పిల్ల ల్యాబులో ఈ పేరు పలికితే రిసెప్షన్లో కళ్ళన్నీ అటే. ఆ పిల్లకే పదేళ్ళ తర్వాత పిల్లలు పుట్టకపోతే మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎటు చూసినా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు స్వాగతం చెప్తాయి. అక్కడ లక్షలు పోస్తాం, ఇంట్లో కోడల్నే అంటాం. అబ్బాయిగారి యూరిన్ శాంపుల్ మాత్రం ఎవరూ అడగరు.

"అయితే పెళ్ళిచూపుల్లోనే రిపోర్టులు పెట్టమంటావా?" అని మా బాబాయి వెటకారం. ఎందుకు పెట్టకూడదు? జాతకం అడుగుతాం, ప్యాకేజీ అడుగుతాం, హెచ్1 స్టాంపింగ్ అయిందా అని అడుగుతాం. కానీ ఇద్దరూ చేయించుకోవాలి, రిపోర్టు వాళ్ళిద్దరే చూసుకోవాలి, పెద్దమనుషుల మధ్య పళ్ళెంలో పెట్టి తిప్పకూడదు. వారం మాత్రలతో పోయేదాని మీద సంబంధం తెంచుకునేవాళ్ళు ఎలర్జీ వస్తే ఏం చేస్తారో!

డబ్బు సమస్యయినవాళ్ళకి దారి లేకపోలేదు. మా మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటితే కోఠిలో ఉస్మానియా మెడికల్ కాలేజీ. సుఖవ్యాధుల పరీక్షలకీ, శిక్షణకీ దేశంలో ఉన్న కొద్ది ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి అక్కడే ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీటికోసమే ఉన్న క్లినిక్కులకి "సురక్ష" అని పేరు పెట్టారు, మందులు ఉచితం. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 1097కి ఫోన్ చెయ్యొచ్చు, అదీ ఉచితమే. నా పాతికేళ్ళ మలక్‌పేట జీవితంలో రేసుకోర్సులో ఏ గుర్రం గెలిచిందో చెప్పినవాళ్ళు వందమంది, ఈ ముక్క చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఇంత రాశాక, ఊరికి చెప్పి నేను చేయించుకోకపోతే బాగోదు కదా. మా ఆవిడకి చెప్పాను. ఓ నిమిషం నా మొహంలోకి చూసి, "పద, ఇద్దరం ఇద్దాం" అంది. మొదటి ల్యాబులో ఆ పేరే వినలేదన్నారు. రెండోచోట "యూరిన్ కల్చరే కదా సార్?" అన్నారు. మూడోచోట కౌంటర్లో అబ్బాయి కంప్యూటర్లో వెతికి, దొరకబుచ్చుకుని, హాలంతా వినపడేలా అడిగాడు: "క్లామిడియా, గనేరియా పీసీఆర్... ఎవరికి సార్?"

"నాకే" అన్నాను. వెనక వరసలో ఒకాయన పేపరు పైకెత్తుకున్నాడు.

మూడో రోజు రిపోర్టులొచ్చాయి. ఏమొచ్చిందో చెప్పను. నెగటివ్ అంటే రాముడు మంచి బాలుడంటారు, పాజిటివ్ అంటే ఇంకోటంటారు, రెండూ నాకక్కర్లేదు. వ్యాఖ్యల్లో అడక్కండి. ఇంకొక్కటి, ల్యాబుకి వెళ్ళేముందు కనీసం గంటసేపు ఒంటికెళ్ళకుండా ఉండాలి. నేను ఇంట్లో కానిచ్చేసి వెళ్ళి, కుర్చీలో గంటన్నర కూర్చోవాల్సొచ్చింది.